బొటనవేలంత తక్కువ

కరీంనగర్,
ఆదివారం, 17 నవంబరు 2024.

అవ్వకు,

సాల్మన్ వందనాలు. నీ ఉత్తరం ఒకటో తారీకు నాడే అందింది. జవాబు ఎందుకు ఆలస్యమైందో చదివితే నీకే తెలుస్తది. ఇక్కడ నీ కోడలు లిడియా బీపీ అదుపులోనే ఉన్నది. నాకు కొత్త జబ్బులేమీ రాలే, పాతవి ఎక్కడివి అక్కడే ఉన్నయి. జోయల్ హైదరాబాద్‌లో బాగనే ఉన్నడు, పెండ్లి మాట తీస్తే మాత్రం వాని ఫోన్‌కు సిగ్నల్ పోతది. నీ మోకాలి సంగతి నువ్వు ఒక్క ముక్క రాయలే. "అవ్వ మంచిగ నడుస్తుంది" అని చెల్లె స్తుతి అంటది. నర్సు గనుక పేషెంటు ఇంటోళ్లకు చెప్పే మాట ఆమెకు అలవాటు, నేను సగమే నమ్మిన. నాగ్‌పూర్ చలికి మోకాలు గుంజుతున్నదా, చేతికర్ర లేకుండ చర్చి దాకా పోయినవా, నువ్వే రాయి.

ఫోన్‌లో చెప్తే అయిపోతది కదా అని స్తుతి అంటది. ఫోన్‌లో చెప్తే ఆమె స్పీకర్ పెడతది, మీ పక్కింటి మరాఠీ అత్తమ్మ కూడా తలూపుకుంట వింటది. ఇది ముందు నువ్వు ఒక్కదానివే చదవాలె.

నువ్వు అడిగిన వాటికి జవాబులు. బాపు నోట్‌బుక్ తీసుకపోయిన కరుణాకర్ బట్టతల అయిండా అని అడిగినవు. కాలే. జుట్టు ఒత్తుగనే ఉన్నది, తెల్లగ దూదిలెక్క. బక్కచిక్కిండా అని అడిగినవు. చిక్కలే. డెబ్బై ఏండ్లు, మెట్లు ఎవరి చెయ్యి పట్టుకోకుండ ఎక్కుతుండు. ఈ రెండు నీకు నచ్చవని తెలుసు, కానీ చూసింది రాయాలె కదా. నీ చేతి పచ్చిపులుసు గుర్తున్నదా అని అడగమన్నవు. ఉన్నదట. నేను అడగకముందే ఆయన చెప్పిండు. అది ఎట్లనో ముందు ముందు రాస్త.

బాపు పేరు పుస్తకంలో ఉన్నదా, కండ్లార చూసి రాయి అన్నవు. ఆ ప్రశ్న కింద రెండు గీతలు గీసినవు. ఆ జవాబు కొంచెం ఆగి చెప్త. ముందు జరిగింది జరిగిన వరుసలో చెప్పనీ.

పాస్టరుగారు క్షమించుమన్నడని, "నా వంతు అయినంక క్షమిస్త" అని నువ్వు ఆయనకు చెప్పినవని రాసినవు. అది చదివి లిడియా కడుపుబ్బ నవ్వింది. నాకు నవ్వు రాలే. నీ వంతు కంటే ముందు నా వంతు నేను తీసుకున్న. ఈ ఉత్తరం దాని గురించే.

నీకు తెలిసిన సంగతులు కొన్ని మళ్లీ రాస్తున్న. రేపు జోయల్ ఇది చదివినా వానికి అర్థం కావాలె. వాడు పుట్టేసరికి ఇనుప పట్టా బండ్లు పోయి రబ్బరు టైరు బండ్లు వచ్చినయి.

బాపు ఖానాపూర్ మిషన్ బడిలో లెక్కల టీచరు. 1974 నుంచి 1986 దాకా ప్రతి ఎండాకాలం సెలవుల్లో సైకిల్ మీద కొలుములు తిరిగిండు. ఖానాపూర్, కడెం, నిర్మల్, ఎక్కడ బండి గిర్రకు, అంటే కట్టె చక్రానికి, ఇనుప పట్టా తొడుగుతుంటే అక్కడికి పోయిండు. వేములవాడ జాతరకు వచ్చే బండ్ల కోసం దారిలో కమ్మరోళ్లు కొలుములు పెడితే, శివరాత్రికి అక్కడ కూడా తేలిండు. సంఘపెద్దలు పోయి పాస్టరుకు చెప్తే, పాస్టరు పిలిచి అడిగిండు. "మొక్కలే పాస్టరుగారూ, కొలిచిన" అని బాపు టేపు తీసి చూపించిండని నువ్వే చెప్పేదానివి.

పన్నెండేండ్లలో నూట నలభై మూడు గిర్రలు. ఒక్కో గిర్రకు ఊరు, తేదీ, కట్టె గిర్ర అడ్డం, అంటే వ్యాసం, ఎంత, పట్టా రెండు కొసలు అతికినంక, ఇంకా కాల్చకముందు లోపలి చుట్టు ఎంత, గిర్ర కొత్తదా పాతదా. అంతే. ఇది మొదటి నోట్‌బుక్. ఎందుకు అట్లున్నది, కమ్మరి ఏమన్నడు, తను ఏమనుకున్నడు అనేది రెండో నోట్‌బుక్. చూసింది ఒక దాంట్లో, అనుకున్నది ఇంకో దాంట్లో రాయాలని పిల్లలకు కూడా చెప్పేటోడు. లెక్కల చరిత్ర అంటే పుస్తకాల్లో పేర్లున్న పెద్దమనుషులదే అని అందరూ అనుకుంటరు, కొలిమి కాడ కూడా ఒక చరిత్ర ఉన్నది, దాన్ని ఎవరూ రాసిపెట్టలే అని ఆయన బాధ.

ఆ కొలిమి లెక్క ఇది. గిర్ర అడ్డం ఏడు పాళ్లయితే చుట్టు ఇరవై రెండు పాళ్లు. ఇది బళ్లో చెప్పే లెక్కనే. కానీ పట్టాను సరిగ్గా అంతే పొడుగు చేస్తే అది గిర్ర మీద నిలవదు. అందుకే బొటనవేలి వెడల్పంత, అంటే ఒక అంగుళం తక్కువ చేస్తరు. పిడకల మంటలో కాలిస్తే ఇనుము పెరుగుతది, అప్పుడు తొడుగుతరు, నీళ్లు పోస్తే గుంజుకొని కట్టెను పట్టేస్తది. యాభై ఆరు అంగుళాల గిర్రకు చుట్టు నూట డెబ్బై ఆరు రావాలె, పట్టా నూట డెబ్బై అయిదే ఉంటది. పాత గిర్రకు కీళ్లు వదులైతయి గనుక ఇంకా గట్టిగ గుంజాలని అంగుళమున్నర తక్కువ చేస్తరు.

1998 ఎండాకాలంలో కరుణాకర్ వచ్చిండు. కరీంనగర్‌లో కాలేజీ లెక్చరర్, సబ్జెక్టు చరిత్ర. పట్నంలో పుట్టి పెరిగిన మనిషి. మన ఇంట్లో తిన్నడు. పది రోజుల్లో ఇస్తనని మొదటి నోట్‌బుక్ తీసుకపోయిండు. "అంకెలు చాలు మాస్టారూ, మిగతాది నేను చూసుకుంట" అన్నడు. బాపు చీటీ రాయించుకోలే. తర్వాత మూడుసార్లు బస్సెక్కి కరీంనగర్ పోయిండు. రెండుసార్లు వరండాలో కూసోబెట్టిండ్రు. మూడోసారి కరుణాకర్ బయటికి వచ్చి, "ఏ నోట్‌బుక్ మాస్టారూ?" అన్నడు. బాపు బస్సు దిగి ఇంటికి వచ్చి, సైకిల్ గోడకు ఆనించి చేతులు కడుక్కున్నడు. మళ్లీ గిర్రల మాట ఎత్తలే. అప్పటికి నేను రిపోర్టర్‌ను. పేపర్లో రాస్తనన్న. "సాక్ష్యం లేకుంట రాస్తవా? గదేనా నువ్వు నేర్చుకున్నది?" అన్నడు. రాయలే. 2015లో ఆయన పోయిండు. ఆ మూడు ప్రయాణాలు నేను మరిచిపోలే.

ఇప్పటి సంగతి. కరుణాకర్ పుస్తకం పోయిన నెలాఖరుకు అచ్చయింది. సభకు వారం ముందు పేపరు ఆఫీసుకు ఒక కాపీ వచ్చింది. తొంభై ఆరో పేజీ నుంచి పట్టిక. నూట నలభై మూడు గిర్రలు, అదే వరుస. బాపు నెంబర్లలో ఎనభై ఎనిమిది లేదు, ఆ బండి ఆసామి మధ్యలో కోపం తెచ్చుకొని టేపు గుంజుకున్నడు, అందుకే వరుస నూట నలభై నాలుగు దాకా పోయిందని రెండో నోట్‌బుక్‌లో ఉన్నది. ఈయన పట్టికలో కూడా ఎనభై ఎనిమిది లేదు.

తప్పు ఎక్కడున్నదో నాకు వెతుక్కునే పని పడలే. పట్టా పొడుగును ఆయన గిర్ర చుట్టుకొలత అనుకున్నడు. దాన్ని అడ్డంతో భాగించి, మన కమ్మరోళ్లు వాడిన పై (π) విలువ ఇదీ అని రాసిండు. పాత గిర్రలకు 3.116 వచ్చింది, కొత్తవాటికి 3.125. అంటే పూర్వం లెక్క మోటుగ ఉండె, కాలం గడిచినకొద్దీ మెరుగుపడ్డది అని ఒక అధ్యాయం. బాబిలోనియా మట్టిపలకల్లో కూడా మూడూ ఎనిమిదోవంతు ఉన్నదని, కనుక గోదావరి ఒడ్డుకూ వాళ్లకూ రాకపోకలు ఉండెనేమోనని ఇంకో అధ్యాయం. బొటనవేలు సంగతి మూడు వందల పేజీల్లో ఎక్కడా లేదు. అది రెండో నోట్‌బుక్‌లో ఉన్నది. రెండో నోట్‌బుక్ నా బీరువాలో ఉన్నది.

చదివి సంతోషపడ్డ. ఆ మాట దాచను.

సభ పెట్టేటోళ్లలో సంపత్ అని ఒకాయన నాకు తెలుసు. "కమ్మరోళ్ల మీద పుస్తకం కదా, ఒక పాత కమ్మరికి శాలువా కప్పుండ్రి, ఫోటో బాగుంటది" అని చెప్పిన. ఆయనకు నచ్చింది. ఖానాపూర్ పోయి కొమురెల్లి కాకను కలిసిన. బాపు ఎక్కువ గిర్రలు కొలిచింది ఆయన కొలిమి కాడనే, నీకు తెలుసు. ఇప్పుడు అక్కడ ఆయన కొడుకుది వెల్డింగ్ షాపు. కాక వయసు డెబ్బై ఎనిమిది.

"కాకా, నీకు శాలువా కప్పుతరట" అన్న.

"శాలువా ఏం జేసుకోను బిడ్డా? మంట కాడ కప్పుకుంటె అంటుకుంటది. మంచి సుత్తె ఇయ్యుమను."

"బండి గిర్రల మీద పుస్తకమట. రాసిన సారు మాట్లాడినంక నిన్ను మాట్లాడుమంటరు. తప్పుంటే తప్పని చెప్పు."

"సీమోను సారు గిర్రలేనా?"

"అవే."

"గట్లయితె వస్త. ఎండాకాలం కొలిమి కాడ వచ్చి కూసునేటోడు పిచ్చోడన్న గావాలె, పంతులన్న గావాలె. మీ బాపు రెండు." నవ్విండు. ఆయనకు ఇంకేం చెప్పలే.

సభ తొమ్మిదో తారీకు, శనివారం పొద్దున. స్తుతి నీకు ఫోన్‌లో వీడియో చూపించే ఉంటది. అది రెండు నిమిషాలది. నేను గంటన్నర ఉన్న. రెండు వందల మంది దాకా వచ్చిండ్రు. కరుణాకర్ తెర మీద అంకెలు చూపించుకుంట నలభై నిమిషాలు మాట్లాడిండు. బాగ మాట్లాడిండు. చప్పట్లు కొట్టిండ్రు. కొమురెల్లి కాకకు శాలువా కప్పి, "రెండు మాటలు చెప్పండి" అని మైకు ఇచ్చిండ్రు.

"అందరికి దండాలు. నేను నాలుగు సదివిన. సారు పెద్ద సదువులాయన, మస్తు కష్టపడ్డడు. గని సారూ, నాకొక అనుమానం. పట్ట గిర్రకంటె తక్కువనే ఉండాలె గద? సమానం కోస్తె జారి పడిపోతది."

కరుణాకర్ కుర్చీలో ముందుకు వంగిండు. "అంటే?"

"అంటే ఏమున్నది సారు. కాలిస్తె పెరుగుతది, నీళ్లు వోస్తె గుంజుకుంటది. గందుకని ముందుగాలనే బొటనవేలంత తక్కువ కొయ్యాలె. ఏడుకు ఇరవై రెండు, దాంట్లకెల్లి బొటనవేలు తీసెయ్యి. మా తాత చెప్పింది గదే, మా కొడుకుకు నేను చెప్పింది గదే."

"మరి పాత గిర్రలకు ఇంకా తక్కువ..."

"పాతదాని కీళ్లు వదులైతయి గద. బొటనవేలున్నర తీస్తం. గిర్ర ముసల్దైతది సారు. గుండ్రానికి ముసలితనం ఎట్లొస్తది?"

ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నరు. తర్వాత హాలంతా నవ్వింది. వెనకనుంచి ఒకడు "ప్రొఫెసర్ సారు పట్ట జారింది!" అని అరిచిండు. మళ్లీ నవ్విండ్రు. మా ఫోటోగ్రాఫర్ జబ్బార్ నా పక్కకు వచ్చి, "సాల్మనన్నా, సారు మొహంకంటె నీ మొహమే మంచిగొచ్చింది ఫోటోల. పెండ్లికొడుకు లెక్కున్నవ్" అన్నడు.

ఆయన తల దించుకుంటడని ఇరవై ఆరేండ్లు ఎదురుచూసిన. దించిండు. కానీ రాసుకోవడానికి దించిండు. జేబులోంచి పెన్ను తీసి, ఆహ్వానపత్రిక వెనక రాసుకుంట, "బొటనవేలంటే సరిగ్గా అంగుళమేనా?" అని కాకను అడిగిండు. "నాదైతె అంగుళం. మా కొడుకుదైతె జర ఎక్కువ, అన్నం మంచిగ తింటడు" అన్నడు కాక. హాలు మూడోసారి నవ్వింది. కరుణాకర్ అది కూడా రాసుకున్నడు. నాకు అది నచ్చలే.

సభ అయినంక మెట్ల కాడ ఆపిన. కొమురెల్లి కాక నా పక్కనే ఉన్నడు. సంచిలోంచి రెండో నోట్‌బుక్ తీసి, బొటనవేలు సంగతి రాసిన పేజీ తెరిచి ఆయన చేతిలో పెట్టిన. "ఇది మా బాపు రాసింది. 1979. చదువుండ్రి" అన్న. ఆయన నిలబడి రెండు పేజీలు చదివిండు. నా మొహం చూసిండు. ఒక్క మాట అన్నడు. ఆ మాట ఇక్కడ రాయను, దానికి ముందు జరిగిన ఇంకో సంగతి చెప్పాలె. ఆ మాట కాక కూడా విన్నడు. విని, భుజం మీది శాలువా తీసి మడత పెట్టుకున్నడు.

నాలుగు వందల మాటల్లో వార్త రాసి ఇచ్చిన. ఎవరు ఏమన్నరో అదే. ఒక్క విశేషణం లేదు. మిగతా పేపర్లు అట్ల రాయలే, బండి గిర్ర కింద పడ్డ ప్రొఫెసర్ అని పెద్దక్షరాల్లో పెట్టినయి. అచ్చు వేసినోళ్లు బుధవారం అమ్మకం ఆపేసిండ్రు.

అంతకు ముందే, సోమవారం నాడు బస్టాండు కాడ చాయ్ తాగుతుంటే పక్కబల్ల మీద ఇద్దరు పేపరు చదువుతున్నరు. "నూట నలభై మూడు గిర్రలు కొలిచిండంటరా. ఇంట్ల పనిలేదా?" అన్నడొకడు. "పెండ్లాం వెళ్లగొట్టుంటది" అన్నడు రెండోవాడు. వాళ్లు కరుణాకర్‌ను అనుకొని అంటున్నరు. కానీ ఆ గిర్రలు కొలిచింది బాపు. ఆ పెండ్లాం నువ్వు. సైకిల్ హ్యాండిల్‌కు రొట్టె మూట కట్టి పంపినదానివి. చాయ్ సగంలో వదిలేసి లేచి వచ్చిన.

ఇప్పుడు నువ్వు రెండు గీతలు గీసిన ప్రశ్న.

బాపు పేరు ఆ పుస్తకంలో లేదు. ఉండేది. తీయించింది నేను.

జూలైలో కరుణాకర్ నాకు ఫోన్ చేసిండు. నేను సీమోను టీచర్ కొడుకునని ఆయనకు ముందే తెలుసు. ముందుమాట అయిపోయింది, ఒక వాక్యం చదువుత విను అన్నడు. "ఈ పుస్తకంలోని గిర్రలన్నీ ఖానాపూర్ మిషన్ బడి లెక్కల ఉపాధ్యాయుడు సీమోను గారు కొలిచినవి. ఆ నోట్‌బుక్ వారికి తిరిగి ఇవ్వకపోవడం నా తప్పు." నేను అప్పుడే కాగితం మీద రాసుకున్న, అందుకే మాట పొల్లు పోకుండ చెప్తున్న. తర్వాత ఒక అనుమానం అడిగిండు. పాత గిర్రలకు అంకె ఎందుకు తగ్గుతున్నదో నాకు పూర్తిగా తెలుస్తలేదు, మాస్టారు ఇంకేమైనా రాసిపెట్టిండా, ఇంకో నోట్‌బుక్ ఉన్నదా అని.

"ఏ నోట్‌బుక్ సార్?" అన్న.

ఆ మాట కోసం నేను ముందే సిద్ధమై లేను. నోటికి దానంతట అదే వచ్చింది. అప్పుడు నేను ఇంకోటి కూడా చెప్పిన. మా బాపు పేరు పుస్తకంలో ఎక్కడ కనబడ్డా కోర్టుకు పోత, ఆ వాక్యం తీసేయుండ్రి అన్న. తప్పుడు పుస్తకంలో బాపు పేరు ఉండొద్దని అట్ల అన్ననని నాలుగు నెలలు నాకు నేను చెప్పుకున్న. అది నిజం కాదు. ఆ వాక్యం ఉంటే ఆయన మంచోడైపోతడు. అనుమానం తీరితే పుస్తకం సరైపోతది. ఆ రెండు జరగొద్దని నేను కోరుకున్న. ఆయన రెండు వందల మంది ముందట పడాలె, అంతే.

మెట్ల కాడ నోట్‌బుక్ చదివి ఆయన అన్న మాట ఇది: "జూలైల అడిగిన గద సాల్మన్. ఉన్నదని ఒక్క మాట చెప్తె అయిపోతుండె."

ఆ రోజు కొమురెల్లి కాకను జబ్బార్ కారులో నేనే ఖానాపూర్ తీసుకపోయిన. మెట్‌పల్లి దాటేదాకా ఆయన కిటికీలోంచి బయటికే చూసిండు. తర్వాత అన్నడు: "గా సారు మా ఇంటికొచ్చి అడిగితె చాయ్ వోసి చెప్పెటోన్ని. నువ్వు అడగనియ్యలే. నాతోని కొట్టిపిచ్చినవ్."

"ఆయన బాపును ఏం చేసిండో నీకు తెల్వదా కాకా?"

"ఎరుకే. నాకు ముందుగాల చెప్తె ఇంక గట్టిగనే తిట్టెటోన్ని, మొహం మీదనే. గిట్ల గాదు. మీటింగుల నవ్వింది ఎవన్ని చూసి అనుకున్నవ్? మీ బాపు కొలిచిన గిర్రల్ని జూసి నవ్విండ్రు. వాటిల నా గిర్రలు గూడ ఉన్నయి."

ఇంటి ముందట దిగి, శాలువా సీటు మీదనే వదిలేసి పోయిండు.

మొన్న గురువారం పొద్దున కరుణాకర్ మా ఇంటికి వచ్చిండు. చేతిలో గుడ్డసంచి, అందులో మొదటి నోట్‌బుక్. బాపు వేసిన గోధుమరంగు అట్ట అట్లనే ఉన్నది. లిడియా లోపలికి పోతుంటే వద్దన్నట్టు తల ఊపిన. ఆమె ఆగి, ఆయన వినేటట్టే, "మీ పగ మీది, చాయ్ నాది" అన్నది. రెండు బిస్కెట్లు కూడా పెట్టింది.

ఆయన చాయ్ తాగి, "ఖానాపూర్‌ల మీ అవ్వ పచ్చిపులుసు పోసింది. రెండుసార్లు అడిగి పోయించుకున్న. గా ఇంట్ల తిని గా ఇంటి మనిషినే వరండాల కూసోబెట్టిన" అన్నడు.

ఎందుకు కూసోబెట్టిండ్రని అడిగిన. ఆ ఏడాదే ఆ అంకెల్ని తనే ఊర్లు తిరిగి సేకరించినట్టు రాసి కాలేజీకి ఇచ్చిండట. దాంతో పై హోదా వచ్చింది. నోట్‌బుక్ తిరిగి ఇస్తే సాక్ష్యం ఇచ్చినట్టే. రిటైరైనంక ఆ భయం పోయింది.

"ఆ ఇరవై ఆరేండ్లలో బాపు బతికున్న పదిహేడేండ్లు కూడా ఉన్నయి. అప్పుడు ఫోన్ లేకుండెనా?" అన్న.

"ఉండె" అన్నడు.

ఆయన అడిగింది ఇది. రెండు నోట్‌బుక్కులు కలిపి కొత్తగ అచ్చు వేద్దాం. రాసింది సీమోను అని అట్ట మీద ఉంటది. తన పేరు లోపల, చిన్నగ. తను చేసిన తప్పు ఆఖరి అధ్యాయంగ తనే రాస్తడట, బాపును ఎట్ల పంపించేసిండో కూడా. రెండో నోట్‌బుక్ ఇస్తవా అన్నడు.

"అది నాది కాదు, మా అవ్వ సంతోషమ్మది. ఆమెను అడుగుండ్రి" అన్న.

"ఇస్తదంటవా?"

"నేనైతే ఇయ్య."

ఆయన మొదటి నోట్‌బుక్ బల్ల మీద పెట్టి లేచిండు. నీ నెంబరు ఇచ్చిన. ఈ ఉత్తరం నీకు ముందు అందాలె గనుక, 25 సోమవారం పొద్దున పదకొండింటికి ఫోన్ చేస్తడు. ఉత్తరంతో పాటు రెండు నోట్‌బుక్కులు రిజిస్టర్ పార్శిల్‌లో పంపుతున్న. జిరాక్సు తీసి పెట్టుకున్న, భయపడకు. నా చేతిలో ఉంటే నేను మళ్లీ పగతోనే లెక్క చూస్త, అందుకే పంపుతున్న.

నా వార్తలో రాయని సంగతి ఒకటి ఉన్నది కదా, రచయిత ముందే అడిగితే ఈ విలేకరి రెండో నోట్‌బుక్ లేదని చెప్పిండని. ముప్పై ఒక్క ఏండ్లలో తెలిసిన నిజాన్ని వదిలేసి వార్త ఇవ్వడం ఇదే మొదటిసారి. నిన్న అది నా పేరుతో రాసి డెస్క్‌లో ఇచ్చిన. ఎడిటర్ చదివి, "ఇది అచ్చయితే నిన్ను బయట రిపోర్టింగ్‌కు పంపలేను సాల్మన్" అన్నడు. పంపకుండ్రి అన్న. మంగళవారం వస్తది. లిడియాకు చెప్పిన. ఆమె తిట్టలే, అది ఇంకా కష్టంగ ఉన్నది.

ఇదంతా చదివి నేను మెత్తబడ్డననుకోకు. కరుణాకర్ మీద నా కోపం తగ్గలే, తగ్గిందని రాస్తే అబద్ధమైతది. హాలు నవ్వినప్పుడు నాకు కలిగిన సంతోషం కూడా నిజమే, మళ్లీ కావాలనిపిస్తది. కానీ నీకు రాయడానికి కూసుంటే ఒక లెక్క మాత్రం తప్పించుకోలేకపోయిన. బాపు పేరు ఇద్దరం దాచినం. ఆయన భయపడి ఇరవై ఆరేండ్లు దాచిండు. నేను ఏ భయమూ లేకుండ నాలుగు నెలలు దాచిన.

ఆయన ఫోన్ ముందు వస్తది, నాది తర్వాత. ఎవరిని ఎక్కువ తిట్టాలో నువ్వే చూసుకో.

ఇట్లు,
నీ కొడుకునని ఇంకా రాసుకుంటున్న
సాల్మన్